పేరేటి, ఊరేటి, బండేటి?

ఆదివారం తెల్లారగట్ల అయిదున్నర. విజయనగరం అయోధ్య మైదానం కాడ పాతికమంది సైకిళ్ళు పట్టుకుని నిల్చున్నారు. నెత్తిన హెల్మెట్లు, వీపుమీద మెరిసే పట్టీలు, సైకిళ్ళకి ముందు తెల్ల లైటు, ఎనక ఎర్ర లైటు. మా ఊరి కుర్రోడొకడు ఆ గుంపులో కొత్తగా చేరినాడు. "అన్నా, ఒక్కపాలి రా, నీకు నచ్చుతాది" అని నెలరోజులు నా పీక మీద కూకుంటే, సరే ఏటుంటాదో చూద్దారని ఎల్లినాను.

వాళ్ళకొక పద్ధతి ఉన్నాది. కొత్తగా వచ్చినోళ్ళు బయల్దేరేముందు మధ్యలోకొచ్చి మూడు ముక్కలు చెప్పాల. పేరేటి, ఊరేటి, బండేటి. ఒకాయన గజపతినగరం, బ్యాంకు ఉద్యోగం, ఇరవై ఒక్క గేర్ల హైబ్రిడ్. ఒకమ్మాయి బొబ్బిలి, నర్సింగు చదువు, అన్న కొనిచ్చిన గేర్ల సైకిలు. ఇంకొకాయన రోడ్ బైకు, అల్యూమినియం ఫ్రేము, కార్బన్ ఫోర్కు. చెప్పినోళ్ళందరికీ చప్పట్లు. మంచి పద్ధతే, ఎవుర్నీ తక్కువ చెయ్యలేదు.

నా వంతు వచ్చినాది. పేరు చెప్పినాను, ఊరు చెప్పినాను. బండి కాడికొచ్చేసరికి నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "నాది మామూలు సైకిలండి."

వాళ్ళు నాకూ చప్పట్లు కొట్టినారు. రామతీర్థం దాకా ఎల్లొచ్చినాం. దారంతా ఆ 'మామూలు' అన్న మాటే చైనులో ఇరుక్కున్న పంచె కొంగులాగ నన్ను లాగుతున్నాది. ఇరవయ్యేళ్ళుగా మైకు పట్టుకుని కూలోళ్ళ హక్కులు, రైతుల హక్కులు అని అరుస్తున్నోడిని. మా అయ్య తొక్కిన సైకిల్ని పదిమంది ముందు మామూలని ఎందుకన్నాను?

అందుకే ఈ ముక్క రాస్తన్నాను. సైకిలు గురించి చెప్పుకోడం ఎలాగో, ఎందుకో, దాని ఎనక ఏటున్నాదో.

ముందు బండి సంగతి

మన దేశంలో మామూలు సైకిలన్నది ఒకటి లేదు. మన ఇళ్ళలో గోడకి ఆనించి ఉన్న నల్ల సైకిలుకి పేరున్నాది, కొలతలున్నాయి, పుట్టిన ఊరున్నాది. హెర్క్యులిస్ అయితే మద్రాసు ఏపు బండి. 1949లో మొదలైన టీఐ సైకిల్స్ కంపెనీది. హీరో అయితే పంజాబులో లూథియానా, 1956. అట్లాస్ అయితే హర్యానాలో సోనీపట్, 1951. మన తాతలు గొప్పగా చెప్పుకునే ర్యాలీ సైకిలు ఇంగ్లండులో నాటింగ్‌హామ్‌ది. తరవాత బెంగాల్లో ఆసన్‌సోల్ కాడ సేన్-ర్యాలీ పేరుతో ఇక్కడే తయారైనాది. అట్లాస్ కంపెనీ ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో ఉన్న ఫ్యాక్టరీని ఆపేసింది 2020 జూన్ 3న. ఐక్యరాజ్య సమితి ప్రపంచ సైకిలు దినోత్సవం అని పెట్టిన రోజు సరిగ్గా అదే. పండగ రోజునే పనోళ్ళు గేటు బయట నిలబడిపోయినారు.

ఇంక మీ బండి గురించి ఎవులైనా అడిగితే ఈ అయిదు సంగతులూ చెప్పండి.

ఒకటి, ఫ్రేము. మన పాత బండ్లు ఉక్కు గొట్టాలవి. మొత్తం బరువు ఇంచుమించు ఇరవై కిలోలు. తేలికపాటి రోడ్ బైకు అందులో సగం ఉంటాది. బరువు తక్కువని వాళ్ళు గొప్పగా చెప్తారు, తప్పులేదు. మనది రెండు బస్తాలు మోస్తాది, అదీ గొప్పే.

రెండు, చక్రం. పాత బండికి 28 అంగుళాల చక్రం. ఊరి గోతుల్లో పెద్ద చక్రం బాగా దొర్లుతాది. కొండ సైకిళ్ళకి 26 గానీ, 27.5 గానీ, 29 గానీ ఉంటాది. టైరు పక్కన నెంబరు అచ్చేసుంటాది, చూసుకోండి. ట్యూబు కొనేటప్పుడు పనికొస్తాది.

మూడు, పళ్ళు. పెడలు కాడున్న పెద్ద చక్రానికి ఎన్ని పళ్ళు, ఎనక ఫ్రీవీలుకి ఎన్ని పళ్ళు, వేలెట్టి లెక్కపెట్టండి. నా బండికి ముందు 44, ఎనక 18. అంటే పెడలు ఒక చుట్టు తిరిగితే ఎనక చక్రం రెండున్నర చుట్లకి కాస్త తక్కువ తిరుగుతాది. 28 అంగుళాల చక్రం మీద అది ఇంచుమించు అయిదున్నర మీటర్లు. గేర్ల సైకిలోడు ఎత్తు ఎక్కేటప్పుడు ఒక చుట్టుకి రెండు మీటర్లే ఎల్లేలాగ మార్చుకుంటాడు, కాళ్ళకి సుఖం. మనకి ఆ వీలులేదు. అందుకే ఎత్తు వస్తే మనోళ్ళు సీటు మీంచి లేచి తొక్కుతారు, నైతే దిగి తోస్తారు. అది చేతకానితనం కాదు, పళ్ళ లెక్క.

నాలుగు, ఫ్రేము నెంబరు. పెడళ్ళ ఇరుసు కిందో, సీటు గొట్టం మీదో గుద్ది ఉంటాది. తుడిచి చూసి రాసుకోండి, ఫోన్లో ఫొటో తీసుకోండి. సైకిలు పోయినప్పుడు స్టేషనుకెళ్ళి "నల్ల సైకిలండి" అంటే ఏ సైకిలని వెతుకుతారు?

అయిదు, దాని పని. ఈ బండి ఎవులు తొక్కినారు, ఏటి మోసినాది, ఎన్నాళ్ళు. కంపెనీ కాగితంలో దొరకంది ఇదొక్కటే.

మా అయ్య బండి సంగతి చెప్తాను. అయ్యది జూట్ మిల్లు పని. ఇంటినుంచి మిల్లుకి పదకొండు కిలోమీటర్లు. రానూపోనూ ఇరవై రెండు. నెలకి ఇరవయ్యారు దినాలు. అంటే నెలకి 572 కిలోమీటర్లు. ఇలాగ ఇరవై నాలుగేళ్ళు. లెక్కేస్తే లక్షా అరవై నాలుగు వేలు దాటినాది. భూగోళం చుట్టుకొలత నలభై వేల కిలోమీటర్లు. అంటే మా అయ్య నెల్లిమర్ల ఏపు దాటకుండానే భూమిని నాలుగుసార్లు చుట్టొచ్చినాడు. ఒక్క పతకం రాలేదు. మోకాళ్ళ నొప్పి మాత్రం వచ్చినాది.

రెండొందల కిలోమీటర్ల ఆట

ఆ గుంపులో కుర్రోళ్ళు 'బ్రెవే' అన్న మాట తెగ వాడుతున్నారు. అదేటో అడిగి తెలుసుకున్నాను, మీకూ పనికొస్తాది. ఫ్రాన్సులో పుట్టిన దూరపు సైకిలు సవారీ అది. పందెం కాదు, ఎవులు ముందొచ్చినారని చూడరు. టైములోపల వచ్చినావా లేదా అంతే. 200 కిలోమీటర్లకి పదమూడున్నర గంటలు. 300కి ఇరవై. 400కి ఇరవై ఏడు. 600కి నలభై గంటలు. ఒకే సీజనులో ఈ నాలుగూ పూర్తి చేసినోళ్ళని సూపర్ రాండొనర్ అంటారు. అన్నింటికన్నా పెద్దది పారిస్ నుంచి బ్రెస్ట్ ఎల్లి మళ్ళీ పారిస్ రావడం. 1200 కిలోమీటర్లు, గరిష్ఠంగా తొంభై గంటలు. 1891లో మొదలైనాది, ఇప్పుడు నాలుగేళ్ళకోసారి జరుగుతాది. మనదేశం నుంచీ వందలమంది ఎల్తన్నారు.

ఇప్పుడు లెక్క చూడండి. 200 కిలోమీటర్లు పదమూడున్నర గంటల్లో అంటే గంటకి పదిహేను కిలోమీటర్ల లోపే. టిఫినుకి, నీళ్ళకి ఆగిన టైము కూడా అందులోనే. పాలక్యాన్లు కట్టుకుని తెల్లారగట్ల టౌనుకి పోయే మనోళ్ళ వేగం అదే. విశాఖపట్నంలో బయల్దేరి శ్రీకాకుళం వచ్చి మళ్ళీ విశాఖ చేరితే ఇంచుమించు ఆ రెండొందలూ అయిపోతాయి. గేర్లుండాలన్న రూలు లేదు. మనిషి బలంతో నడిచే ఏ బండైనా పనికొస్తాది. హెల్మెటు, లైట్లు, మెరిసే పట్టీ ఉండాల, అంతే.

అంటే మన ఊళ్ళల్లో అర్హత ఉన్నోళ్ళు బోలెడుమంది ఉన్నారు. వాళ్ళని ఎవులూ "పేరేటి, బండేటి" అని అడగలేదు. కళింగపట్నం, చింతపల్లి రేవులనుంచి చేపల బుట్ట కట్టుకొచ్చేవోడు, పైడిభీమవరం కంపెనీల్లో షిఫ్టు దిగొచ్చేవోడు, ఎండాకాలం ముంజలు మోసుకొచ్చేవోడు, ఐసు డబ్బా కట్టుకుని ఊరూరూ తిరిగేవోడు. సరదాకి తొక్కితే సైక్లిస్టు, బతుకు కోసం తొక్కితే 'సైకిలోడు'. తెలుగులో ఒక్క అక్షరం తేడా కాదు, ఒక మెట్టు తేడా.

"ఏ పార్టీ బాబూ?"

మన దగ్గర సైకిలు అనగానే ఇంకో చిక్కున్నాది. 1982లో తెలుగుదేశం పుట్టినాది, దాని గుర్తు సైకిలు. అప్పట్నుంచి ఎన్నికలప్పుడు సైకిలు మీద ఎల్తుంటే "ఏ పార్టీ బాబూ?" అని అడుగుతారు. నాకైతే రెండుసార్లు అయినాది. ఒరే నాయనా, నాది పంక్చరు పార్టీ అని నవ్వేసినాను.

2024లో విజయనగరం నుంచి గెలిచిన ఎంపీ కలిశెట్టి అప్పలనాయుడు పసుపు రంగు సైకిలు మీద పార్లమెంటుకి ఎల్లినారు. దేశమంతా ఫొటోలొచ్చినాయి. ఆయనకది పార్టీ గుర్తు కూడా. ఇంకా ఎనక్కి ఎల్తే, 1952లో రాజ్యసభకి ఎన్నికైన పుచ్చలపల్లి సుందరయ్య గారు పార్లమెంటుకి సైకిలు మీదే ఎల్లేవోరు. ఆయన పార్టీ గుర్తు సైకిలు కాదు. ఎవురి జెండా ఏదైనా పెద్ద సభకి సైకిలు ఎల్లినాదంటే నాకు సంతోషమే. నాను అడిగేదొకటే. ఢిల్లీలో సైకిలుకి దారి దొరికినాది. రణస్థలం కాడ హైవే దాటాల్సిన కూలోడి సైకిలుకి దారేది?

ఆడపిల్లల సంగతి కూడా చెప్పాల. బీహారులో 2006లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలకి ప్రభుత్వం సైకిళ్ళిచ్చే పథకం పెట్టినాది. కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాశ్ అన్న ఇద్దరు ఆర్థికవేత్తలు దాన్ని లెక్కగట్టి 2017లో అచ్చేసినారు. హైస్కూల్లో చేరే ఆడపిల్లలు 32 శాతం పెరిగినారు. మగపిల్లలకీ ఆడపిల్లలకీ మధ్య ఉన్న తేడా 40 శాతం తగ్గినాది. బడి మూడు కిలోమీటర్లకి పైన ఉన్న ఊళ్ళల్లో ఫలితం ఎక్కువ కనపడినాది. మన రాష్ట్రంలోనూ 'బడికొస్తా' పేరుతో హైస్కూలు ఆడపిల్లలకి సైకిళ్ళిచ్చినారు. తమిళనాడు పుదుక్కోట్టైలో 1990ల మొదట్లో అక్షరాస్యత ఉద్యమంలోనే ఆడోళ్ళకి సైకిలు నేర్పినారు. వేలమంది రోడ్డెక్కినారు. అక్షరం, సైకిలు రెండూ ఒక్కలాంటివే. నేర్చుకున్నాక ఎవులూ ఎనక్కి లాక్కోలేరు.

మా సిన్నాన సంగతి

ఇప్పుడు అసలు మాట. ఇది రాయాలా వద్దా అని రెండురోజులు ఆగినాను.

మా సిన్నాన హైవే పక్కన ఒక గోడౌనులో నైట్ వాచ్‌మన్. సైకిలు మీదే ఎల్లేవోడు. పన్నెండేళ్ళ కిందట ఒక చలికాలం తెల్లారి డ్యూటీ దిగొస్తుంటే ఏదో బండి గుద్దేసి ఎల్లిపోనాది. మర్నాడు పేపర్లో నాలుగు లైన్లు వచ్చినాయి. గుర్తు తెలియని వాహనం ఢీకొని గుర్తు తెలియని వ్యక్తి మృతి. గుద్దిన బండికీ పేరు లేదు, పోయిన మనిషికీ పేరు లేదు.

సిన్నాన జేబులో బీడీలు, అగ్గిపెట్టె, ఇరవై రూపాయలు ఉన్నాయంట. పేరున్న కాగితం ముక్క ఒక్కటీ లేదు. ఫోను అప్పటికి ఆయనకి లేదు. ఒకటిన్నర రోజు శవాల గదిలో అనాథలాగ ఉండిపోనాడు. పిన్ని మాత్రం ఓటీ చేస్తన్నాడేమో అనుకుని అన్నం మూత పెట్టి కూకున్నాది.

ఎవులు గుర్తుపట్టినారో తెలుసా? మా ఊరి సైకిలు షాపు పెద్దాయన. స్టేషను పక్కన పడేసిన సైకిల్ని ఏదో పనిమీద ఎల్లి చూసినాడు. ఎనక చక్రానికి తాను వేసిన మూడు కొత్త పుల్లలు, సీటు కింద తాను కట్టిన ఎర్ర ట్యూబు ముక్క. "ఇది మా వాచ్‌మన్ బండి" అన్నాడు. మనిషిని ఎవులూ గుర్తుపట్టలేదు, బండిని గుర్తుపట్టినారు. ఆ రోజు సిన్నాన పేరూ ఊరూ ఆ సైకిలే చెప్పినాది.

మా అయ్యదీ, సిన్నానదీ ఒకే కంపెనీ బండ్లు, ఒకేనాడు కొన్నారు. ఆ జతలో మిగిలిందే నాను తొక్కుతున్నది. దాన్నే మామూలు సైకిలని అన్నాను.

తెలియక పోగొట్టుకున్నది

అప్పటికే చట్టంలో ఒక వీలున్నాది. గుద్దేసి పారిపోయిన బండి దొరక్కపోయినా, పోయిన మనిషి కుటుంబానికి ప్రభుత్వ పథకం కింద పరిహారం ఇవ్వాల. అప్పుడది 25 వేలు. మాకెవులూ చెప్పలేదు, మేమెవుర్నీ అడగలేదు. ఉద్యమాల్లో తిరిగినోడిని, నాకే తెలియలేదు. ఆ సిగ్గు నాకు ఇప్పటికీ పోలేదు.

2022 ఏప్రిల్ 1 నుంచి ఆ పరిహారం పెంచినారు. మనిషి పోతే 2 లక్షలు, గట్టి గాయాలైతే 50 వేలు. సైకిలు మీద ఎల్లినోళ్ళకీ, నడిచెల్లినోళ్ళకీ వర్తిస్తాది. ప్రమాదం జరిగిన చోటుకి సంబంధించిన రెవెన్యూ అధికారికి దరఖాస్తు పెట్టాల, ఆర్డీవో ఆఫీసులో అడగండి. ఆ అధికారి విచారణ చేసి నెలలోపు నివేదిక పంపాల. కలెక్టరు దాన్ని మంజూరు చెయ్యాల. పోలీసు కేసు కాగితం, పోస్టుమార్టం కాగితం జాగ్రత్తగా దాచండి. గుద్దిన బండి ఏదో తెలిస్తే దారి వేరు. మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో కేసెయ్యాల, ఆరు నెలల్లోపే వేసీండి.

ఇంకొక మాట. రోడ్డు పక్కన ఎవులైనా పడుంటే మనోళ్ళు "కేసులో ఇరుక్కుంటాం" అని భయపడతారు. 2019లో మోటారు వాహనాల చట్టం మార్చినారు. సాయం చేసినోడి మీద కేసు పెట్టకూడదు, పేరు చెప్పమని బలవంతం చెయ్యకూడదు. 108కి ఫోను చెయ్యండి, దగ్గర నిలబడండి.

2022లో దేశం మొత్తమ్మీద రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయినారని కేంద్ర ప్రభుత్వం లెక్క. అందులో నాలుగు వేలకు పైగా సైకిలు మీద ఎల్లినోళ్ళు. వాళ్ళలో ఎంతమంది ఒక రాత్రి 'గుర్తు తెలియని వ్యక్తి' అయినారో ఆ లెక్కలో ఉండదు.

చెయ్యాల్సింది చిన్న పనే

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీ ఇంట్లో అయ్యకో మావయ్యకో సైకిలుంటే ఈ ఆదివారం అరగంట కేటాయించండి. ఒక అట్టముక్క మీద పేరు, ఊరు, ఇంటోళ్ళ ఫోను నెంబరు, రక్తం గ్రూపు రాసి ప్లాస్టిక్ కవర్లో పెట్టి సీటు కింద కట్టండి. అలాంటిదే ఇంకొకటి జేబులో పెట్టండి. ఎనక మడ్‌గార్డుకి ఎర్ర రిఫ్లెక్టరు, పెడళ్ళకి పసుపువి వేయించండి. ఒక బీడీకట్ట, ఒక టీ ఖర్చు దాటదు. రాత్రి షిఫ్టు ఎల్లేవోళ్ళకి ఎనక ఎర్ర లైటు కొనివ్వండి. సెల్‌ఫోను కవరు మార్చినన్ని సార్లు మనం బ్రేకు రబ్బర్లు మార్చడం లేదు, అవీ మార్చండి. ఆ పని చేస్తూ చేస్తూ "అయ్యా, ఈ బండి ఎప్పుడు కొన్నావు?" అని అడగండి. మీకు తెలియని ఊసులు చాలా బయటికొస్తాయి.

సైకిలు గుంపులు నడిపేవోళ్ళకీ ఒక మాట. మీరు మంచోళ్ళే. మీ లైట్లు, మీ హెల్మెట్లు చూసి లారీవోడు పక్కకి జరుగుతున్నాడు. ఆ తెల్లారగట్ల మీ పక్కనుంచే షిఫ్టు దిగిన సైకిలొకటి లైటు లేకుండా ఎల్తాది. ఒక్క నిమిషం ఆపి "పేరేటి అన్నా, ఊరేటి?" అని అడగండి. మీ దగ్గరున్న పాత రిఫ్లెక్టరు ఒకటి అంటించండి. హైవే పక్కన సర్వీసు రోడ్డు కావాలని, సైకిళ్ళు దాటడానికి దారి కావాలని అర్జీ పెట్టేటప్పుడు మీ పాతికమంది సంతకాల పక్కన వాళ్ళ వందల వేలిముద్రలుంటే ఆఫీసరు ఇంకోలాగ చదువుతాడు.

తరవాతి ఆదివారం మళ్ళీ ఎల్లినాను. కొత్తోళ్ళు చెప్పడం అయ్యాక, "ఒక్కపాలి మళ్ళీ చెప్తానండి, పోయిన వారం తప్పు చెప్పినాను" అన్నాను. అందరూ నవ్వినారు.

"నాది 28 అంగుళాల చక్రం, ముందు 44 పళ్ళు, ఎనక 18. గేర్లు లేవు. ఇరవై నాలుగేళ్ళు జూట్ మిల్లుకి ఎల్లినాది. మా చెల్లి పెళ్ళికి బియ్యం మోసినాది. దీని జత బండి హైవే మీద మా సిన్నానతో పాటు పడిపోనాది. ఇది మిగిలినాది."

చప్పట్లు కొట్టలేదు ఎవులూ. బ్యాంకు ఆయన దగ్గరకొచ్చి, తన సైకిలు ఎనకున్న ఎర్ర లైటు ఊడదీసి నా బండికి తగిలించినాడు. "అన్నా, బయల్దేరదామా?" అన్నాడు.

మీ బండేటి?